ఫైలుకెక్కని పని

తల్లీ,

జిల్లా ఉత్తమ ఉపాధ్యాయుల జాబితాలో ఈసారి నీ పేరు రాలేదని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. బడి నుంచి రాగానే గదిలోకి వెళ్లి పడుకుంటున్నావట, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదట. వాడు కంగారు పడుతున్నాడు. నాకు కంగారు లేదు గానీ, నువ్వు బాధలో ఉన్నావంటే మనసు కుదురుగా లేదు. రెండో తరగతి పిల్లల కోసం ఆదివారాలు కూర్చుని, పాత శుభలేఖల వెనకాల అక్షరాలు రాసి కత్తిరించిన పిల్లవి నువ్వు. అంత మనసు పెట్టి పనిచేసినవాళ్లకి, ఒక్కరూ గుర్తించలేదే అని లోపల కలుక్కుమంటుంది. అందుకే ఫోన్లో రెండు ముక్కలతో సరిపెట్టకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫలితం కోరకుండా పని చేసుకుపొమ్మని ఈపాటికి నీకు చాలామంది చెప్పి ఉంటారు. గొప్ప మాటే. కానీ మనసు నొచ్చుకున్న ఇరవై ఎనిమిదేళ్ల పిల్లకి ముందుగా చెప్పాల్సిన మాట అది కాదు. మెప్పు కావాలనుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ముందు ఈ మాట విను. తప్పటడుగుల పిల్ల రెండడుగులు వేసి తల్లి మొహంలోకి చూస్తుంది. ఒకటో తరగతి వాడు 'అ' దిద్దిన పలకని నెత్తి మీదికెత్తి, నువ్వు చూసేదాకా దించడు. ఆ చూపు మనిషితో పాటే పుట్టింది. పెద్దయితే పోదు, దాచుకోవడం నేర్చుకుంటాం.

మీ తాతయ్యనే చూడు. కోతలయ్యాక వరికుప్ప వెయ్యడంలో మా ఊళ్లో ఆయనకి పేరు. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి పెట్టి చుట్టూ తిరుగుతూ పేర్చి, పైన వాన నీరు నిలవకుండా జారిపోయేట్టు వాలు దించేవాడు. పనయ్యాక కళ్లం గట్టున కూర్చుని చుట్ట ముట్టించి దారి వైపు చూస్తుండేవాడు. పోయేవాళ్లెవరైనా ఆగి, "కుప్ప భలే తీరుగా కుదిరింది బావా" అంటే ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు. ఎవరూ ఆగకుండా పోయిన రోజులూ ఉన్నాయి. ఆ మర్నాడు వేసిన కుప్ప కూడా అంతే తీరుగా ఉండేది.

మెప్పు కూడా ఒక ఆకలేనమ్మా. ఆకలిని తిట్టి లాభం లేదు. ఎవరి చేతి అన్నం తినాలో, ఏ విస్తరి ముందు కూర్చోకూడదో తెలుసుకోవాలి.

వేసవి సెలవులకి వచ్చినప్పుడు దరఖాస్తుకి కట్టిన నీ ఫైలు చూపించావు. నీలం ఫోల్డరు, ఒక్కో కాగితానికి ఒక్కో ప్లాస్టిక్ తొడుగు. మొక్కలు నాటిన ఫోటోలు, పిల్లలతో కలిసి చీపుళ్లు పట్టిన ఫోటోలు, బ్యానరు పట్టుకుని ర్యాలీ, తల్లిదండ్రుల సమావేశం, పేపర్ కటింగుల్లో నీ పేరు కింద ఎర్రసిరా గీత. అన్నీ నువ్వు నిజంగా చేసినవే, ఒక్క అబద్ధం లేదు. చివరి కాగితం దాకా తిప్పి, ఆ సవర పిల్ల సంగతి ఏదమ్మా అని అడిగాను.

మెళియాపుట్టి కొండల మీద నుంచి బడికి దిగివచ్చే పిల్ల. ఇంట్లో సవర భాషే తప్ప తెలుగు విన్నది లేదు. మొదట్లో నువ్వేమడిగినా కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూసేదని చెప్పావు. చెట్టు, కోడి, నీళ్లు అన్న మాటలు నేర్పేముందు వాటిని వాళ్ల భాషలో ఏమంటారో, సంత రోజున వాళ్లమ్మని ఆపి అడిగి నోటుపుస్తకం వెనక రాసుకున్నావు. తరగతిలో ముందు వాళ్ల మాట పలికి, ఆ తర్వాత మన మాట చెప్పావు. ఫిబ్రవరిలో ఒకరోజు ఆ పిల్ల వాచకంలో ఒక వాక్యం ఎవరూ అందించకుండా చదివింది. చదివింది తనేనని నమ్మకం కుదరక, వేలు తియ్యకుండా మళ్లీ అదే వాక్యం మొదటినుంచి చదివిందట. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి చెబుతుంటే నీ గొంతు వణికింది. మరి అది ఫైల్లో ఎందుకు లేదని అడిగితే, "దానికి ఫోటో ఏముంటుంది పెదనాన్నా" అన్నావు.

నా భయమంతా ఆ జవాబు దగ్గరే. మెప్పు కావాలన్న కోరిక నీలో ఉంటే ఉండనీ. అది నీ పనిని ఏరడం మొదలుపెట్టిందా, అక్కడ జాగ్రత్తపడాలి. ఇది ఒక్కరోజులో జరగదు. ఫోటో పడే పని ముందుకొస్తుంది, పడని పని రేపటికి వెళ్తుంది. ర్యాలీకి రెండు పీరియడ్లు పోతాయి. ఆ రెండు పీరియడ్లలో ఒత్తులు రాని ఐదుగురు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని 'అమ్మ', 'అక్క', 'పువ్వు' అని పలకల మీద రాయించవచ్చు. పలకల మీద రాసింది సాయంత్రానికి చెరిగిపోతుంది, దాన్ని ఏ విలేఖరీ రాయడు. ర్యాలీ మర్నాడు జిల్లా ఎడిషన్లో వస్తుంది. ఇలా ఒక ఏడాది గడిచాక, మంచి టీచరు కూడా తనకి తెలియకుండానే పేపర్లో వచ్చే పనికి అలవాటుపడిపోతుంది. చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. పిల్లలకి మాత్రం ఒత్తులు రావు.

నువ్వు బీఈడీలో మనస్తత్వశాస్త్రం చదివావు గనక ఇది గుర్తుచేస్తాను. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చేసిన పరిశోధన 1973లో అచ్చయింది. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్ని ఎంచుకున్నారు. గీస్తే బంగారు రంగు ముద్ర, రిబ్బను ఉన్న ధ్రువపత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మిగిలినవాళ్లకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లయ్యాక, ఇచ్చేది ఏమీ లేని మామూలు రోజుల్లో ఆ పిల్లల్ని గమనించారు. ధ్రువపత్రం వస్తుందని తెలిసి గీసినవాళ్లు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే ఆ రంగు పెన్నుల జోలికి వెళ్లారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ల ఇష్టం మాత్రం తగ్గలేదు. ఇష్టంగా చేసే పనికి ముందే ధర కడితే, ధర లేని రోజున ఆ పని చప్పగా కనిపిస్తుందన్నమాట. నర్సరీ పిల్లలకి వర్తించింది నీకూ నాకూ వర్తించదని అనుకోకు.

నీ బడి నుంచి పర్లాకిమిడి ఎంతో దూరం లేదు. 1880లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఊళ్లో బడిపంతులుగా చేరారు. కొండ దిగివచ్చే సవరల్ని చూసి, వీళ్ల భాష నేర్చుకుని వీళ్ల పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పాలనుకున్నారు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని సవర నేర్చుకున్నారు. పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్లకి జీతాలిచ్చారు. అడవుల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైనుతో చెవుడు వచ్చింది. భాష చెవితో నేర్చుకునే మనిషికి వినికిడి పోవడమంటే ఎంత నష్టమో ఆలోచించు. అయినా పని ఆపలేదు.

ఆయనకి మెప్పు రాలేదని కాదు, వచ్చింది. సవర భాషలో చేసిన కృషికి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకి మంచి బడి పెట్టమని అడిగారు. 1913లో రావుసాహెబు బిరుదు ఇస్తే తీసుకున్నారు. అదే కాలంలో, బడి పుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలన్నందుకు పెద్ద పెద్ద పండితులు ఆయన మీద విరుచుకుపడ్డారు. ఒక చేత్తో బిరుదు, ఇంకో చేత్తో తిట్లు అందుకుంటూ కూడా ఆయన తన పని క్రమం మార్చుకోలేదు. సవర వ్యాకరణం 1931లో అచ్చయ్యేనాటికి ఆయనకి అరవై ఏడేళ్లు దాటాయి. యువకుడిగా పట్టుకున్న పని అది. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చింది ఇదే. మెప్పు వస్తే కాదనలేదు, దాన్ని పని వైపు తిప్పారు. రాకపోతే దానికోసం పని దారి మళ్లించలేదు. సంతలో సవర తల్లిని ఆపి మాటలు అడిగి రాసుకున్నప్పుడు నువ్వు చేసింది కూడా ఆయన పనే. ఆ సంగతి నీకు ఎవరూ చెప్పలేదు, నేను చెబుతున్నాను.

ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. వారానికి సెప్టెంబరు 5, రాధాకృష్ణన్‌గారి పుట్టినరోజు, 1962 నుంచి మనకి గురుపూజోత్సవం. రెండు రోజులూ దండలు, ఉపన్యాసాలు, ఫోటోలు. వాటికి మధ్యనున్న రోజుల్లో బడికి ఎవరూ కెమెరా తీసుకురారు. చదువు నడిచేది ఆ రోజుల్లోనే.

ఇంకో పెద్దావిడ సంగతి కూడా చెప్పాలి. మీ పిల్లలు రోజూ తినే మధ్యాహ్న భోజనానికి 2024 నుంచి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు కదా. కోనసీమలో లంకల గన్నవరంలో ఉండి, వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా కాదనకుండా అన్నం పెట్టిన తల్లి. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం వేడుకకి ఆహ్వానం పంపితే ఆవిడ వెళ్లలేదని, కనీసం ఫోటో అయినా ఇమ్మంటే అదీ వద్దన్నారని, తీసుకెళ్లకపోతే వచ్చిన ఉద్యోగికి మాట వస్తుందని తెలిసి అప్పుడు ఒప్పుకున్నారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. తన కోసం వద్దన్న ఫోటోకి ఇంకొకరి ఉద్యోగం కోసం కూర్చున్నారు. ఇవాళ బడి భోజనం ఫోటో తీసి యాప్‌లో పెట్టాల్సిన కాలంలో ఉన్నాం. పర్యవేక్షణకి అది అవసరమే, నేను కాదనను. ఫోటో తీశాక ఫోన్ పక్కన పెట్టి, ఏ పిల్ల సగం అన్నం వదిలేసి లేచిపోతోందో చూడు. ఆ చూడటం నీకు ముందే అలవాటు, అది పోగొట్టుకోకు.

ఇక ఎవరి మాటకి విలువివ్వాలన్న సంగతి. పదవీ విరమణ రోజున నాకు చాలా శాలువాలు కప్పారు. కప్పినవాళ్లంటే నాకు గౌరవమే. వాటిని మీ పెద్దమ్మ చలికాలంలో మా వీధి కాపలా కాసేవాళ్లకీ, పాలు పోసే ముసలాయనకీ పంచేసింది. ఆ రోజు చెప్పిన ఉపన్యాసాల్లో ఒక్క వాక్యం నాకు గుర్తు లేదు. కానీ నా ఉద్యోగం తొలి రోజుల్లో లెక్కల మాస్టారు ఒకాయన నా తరగతి బయట వరండాలో నిలబడి పాఠమంతా విని, గంట కొట్టాక అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "కథ సగంలో ఆపి, తర్వాత ఏమవుతుందో పిల్లల్నే చెప్పమన్నావు చూడు, అది బాగుంది. కానీ కిటికీ పక్క వరుసకి నీ గొంతు అందడం లేదు, ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తూ చెప్పు" అన్నారు. అది మెప్పు. ఏది బాగుందో ఆయనకి తెలుసు. ఏది బాగాలేదో చెప్పే చనువూ ఉంది. అలాంటివాళ్లని నువ్వూ ఇద్దరు ముగ్గుర్ని వెతికి పెట్టుకో. నీ తరగతిలో వచ్చి కూర్చోమని పిలువు. వాళ్లు బాగుందంటే నిజంగానే సంతోషించు. వాళ్లు తప్పు చూపిస్తే దిద్దుకో. నీ పాఠం ఒక్కటీ వినని మనిషి "ఆహా ఓహో" అంటే నమస్కారం పెట్టు, ఇంటికి తెచ్చుకోకు. వినని మనిషి జాబితాలో పేరు రాయకపోయినా అంతే.

వాట్సాప్ స్టేటస్‌లో బడి ఫోటో పెట్టి ఎంతమంది చూశారో లెక్కపెట్టుకోవడం గురించి ఎక్కువ చెప్పను. ఒక్క నెల మానేసి చూడు. బడిలో ఏమీ తగ్గదు, రాత్రి నిద్ర మాత్రం బాగా పడుతుంది.

కొందరికి గుర్తింపు బతికుండగా రాదు, ఇది కూడా నిజమే. దీన్ని తియ్యగా చుట్టి చెప్పను. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు పంచే డీఈసీ మాత్ర నువ్వు పిల్లల చేత మింగించే ఉంటావు. దాన్ని 1940లలో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేయించిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అంతకుముందు హార్వర్డులో ఏళ్ల తరబడి పరిశోధన చేసినా ఆయనకి అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1948లో, యాభై మూడేళ్లకే పోయారు. మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది 1995లో. అది అన్యాయమే. అన్యాయం కాదని నేను నీకు నచ్చజెప్పను. అయితే ఆ మాత్ర వేసుకున్న పిల్లకి బోదకాలు రాకుండా ఉండటానికి ఆయన పేరు తెలియనక్కర్లేదు. నువ్వు చదువు చెప్పిన పిల్లలకీ అంతే. పెద్దయ్యాక బస్సు బోర్డు చదివి ఎక్కేటప్పుడు, బ్యాంకులో కాగితం మీద సంతకం పెట్టేముందు ఏం రాసుందో చదువుకునేటప్పుడు వాళ్లకి నువ్వు గుర్తుకు రాకపోవచ్చు. అయినా అక్కడ పనిచేస్తున్నది నువ్వు నేర్పిన చదువే.

ఇంత చెప్పానని వచ్చే ఏడాది దరఖాస్తు మానెయ్యమంటున్నానని అనుకోకు. తప్పకుండా పెట్టు. జాతీయ పురస్కారానికి 2018 నుంచి ఉపాధ్యాయులు తమ పేరు తామే ఆన్‌లైన్లో పెట్టుకుంటున్నారు. మన గురించి మనమే రాసుకోవడం చిన్నతనమని నీకు అనిపించవచ్చు. నియమమే అది గనక సంకోచపడక్కర్లేదు. రెండే షరతులు. ఫైలు పని బడి వేళల్లో ఒక్క నిమిషం కూడా చెయ్యకు. ఇంకోటి, ఈసారి మొదటి పేజీలో ఆ సవర పిల్ల నోటుపుస్తకంలోంచి జూలై నాటి పేజీ, ఫిబ్రవరి నాటి పేజీ పక్కపక్కన పెట్టు. ఫోటో ఏముంటుంది అన్నావు కదా, ఇదిగో, ఇదే సాక్ష్యం. పిల్ల పేరు మాత్రం రాయకు.

ఎంపిక పద్ధతి మీద నాకూ అభ్యంతరాలున్నాయి. తరగతిలో ఒక పూట కూర్చోకుండా కాగితాల కట్ట చూసి టీచర్ని తూచడం సరికాదు. ఆ మాట ఉపాధ్యాయ సంఘం సమావేశంలో లేచి గట్టిగా చెప్పు. నీకు రాలేదని కాకుండా, రేపు రాబోయేవాళ్ల కోసం చెప్పు. ఈసారి జాబితాలో పేరొచ్చిన మీ మండలం టీచరుకి ఫోన్ చేశావా? చెయ్యకపోతే ఇవాళే చెయ్యి. ఆమె పనిలో నీకు నిజంగా నచ్చినది ఒకటి పేరు పెట్టి చెప్పు. మొదట్లో గొంతు పెగలదు, ఫర్వాలేదు. చెప్పాక నీకే తేలికపడుతుంది.

చివరగా ఒక పని అప్పజెబుతున్నాను. మీ బడిలో పొద్దున్నే రాగిజావ కాచి, మధ్యాహ్నం అందరికీ వండిపెట్టే ఆమె ఉంది కదా. అంత పెద్ద గిన్నెలో ఒక్క ఉండ కట్టకుండా జావ కలపడం ఎంత కష్టమో నువ్వే ఒకసారి చెప్పావు. ఆ మాట నాకు చెప్పావు గానీ ఆమెకి చెప్పి ఉండవు. ఆమెకి ఏ జాబితా లేదు, ఏ సెప్టెంబరు 5 లేదు. మెప్పు దొరక్కపోతే ఎలా ఉంటుందో ఈ వారం నీకు బాగా తెలిసింది. రేపు పొద్దున్న బడికి పది నిమిషాలు ముందు వెళ్లి, వంటగది గుమ్మం దగ్గర నిలబడి, పిల్లలందరూ వినేలా ఆమెకి ఆ మాట చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న